పుట్టగానే పరిమళించే హెడ్మాస్టర్లు లేరు

మొన్న ఒక మిత్రుడి పదవీ విరమణ సభకు వెళ్ళాను. వేదిక మీద పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరూ చెప్పింది ఒకటే: నాయకత్వం నేర్పితే వచ్చేది కాదట, రక్తంలో ఉండాలట. మంచి హెడ్మాస్టరు దొరకడం ఆ ఊరి అదృష్టమట. చివరి వక్త "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అని ముగించారు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పించుకున్న మా మిత్రుడు మాత్రం తల దించుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరుగా చేరిన మొదటి ఏడాది ఆయన ఎంత తడబడ్డాడో, ఎన్ని రాత్రులు నాకు ఫోన్ చేశాడో నాకు తెలుసు. ఆ ఏడాదినీ, ఆ తర్వాత పదేళ్ళు పడ్డ పాట్లనూ ఆ సామెత ఒక్క మాటతో తుడిచేసింది.

మల్లెతోట పెట్టిన రైతునెవరినైనా అడగండి. మొగ్గలో వాసన పెద్దగా ఉండదు, సాయంత్రం విచ్చుకునే వేళకు వస్తుంది. ఆ మొగ్గ రావడానికి ముందు చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఎరువేసి, మళ్ళీ నీళ్ళు పెట్టి కాచుకున్న మనిషి ఒకడుంటాడు. సామెత పువ్వును చూసింది, తోటమాలిని చూడలేదు.

నేను ముప్పై ఏళ్ళు పైగా జిల్లా పరిషత్ బడుల్లో పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాను. అందుకే ఈ నమ్మకాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను. ఇది సభల్లో మర్యాదకు అనే మాటే అయితే గొడవ లేదు. కానీ బడిని నడిపేవాళ్ళను ఎంచుకునే పద్ధతీ, వాళ్ళకిచ్చే శిక్షణా, వాళ్ళను మెచ్చుకునే తీరూ దీనిమీదే నిలబడ్డాయి. పత్రికల్లో వచ్చే కథనాలు చూడండి. పాడుబడిన బడి, కొత్తగా వచ్చిన ఒక్క మనిషి, రెండేళ్ళలో మారిపోయిన రూపురేఖలు. పక్కన పనిచేసిన పదిమంది టీచర్ల పేర్లు ఒక్క వాక్యంలో కూడా ఉండవు. నాయకుడు పుట్టుకతోనే వస్తాడంటే ఇక అతన్ని పెంచాల్సిన బాధ్యత ఎవరిమీదా ఉండదు. దొరికితే దండ వేస్తాం, దొరకకపోతే ఊరి ఖర్మ అంటాం. విద్యాశాఖకు ఇంతకన్నా సుఖమైన సిద్ధాంతం ఇంకొకటి లేదు.

ఈ వాదన చేసేవాళ్ళ చేతిలో ఒక బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని నేను కాదనను. అదే బడి, అవే గదులు, అదే జీతాలు. హెడ్మాస్టరు మారగానే బడి మారుతుంది. ఇది నేనూ కళ్ళారా చూశాను. మా పక్క మండలంలో ఒక ఉన్నత పాఠశాలకు చాలా చురుకైన ఆయన వచ్చారు. ఉదయం 7 గంటలకే గేటు దగ్గర నిలబడేవారు. పదో తరగతికి తెల్లవారుజామున ఒక స్టడీ అవర్, రాత్రి ఇంకొకటి పెట్టారు. బాగా చెప్పే టీచర్లందరినీ పదో తరగతికే కేటాయించారు. రెండేళ్ళలో నూటికి నూరు శాతం ఫలితాలు వచ్చాయి, ఆయనకు సన్మానం జరిగింది. బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఏడాదికి బడి మళ్ళీ మొదటికొచ్చింది. ఆరు, ఏడు తరగతుల్లో ఆ రెండేళ్ళూ సరైన పాఠం వినని పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి తెలుగు పేరా చదవలేకపోయారు. వచ్చిన కొత్త హెడ్మాస్టరును ఊరంతా తిట్టింది. పాత ఆయన గొప్పతనానికి అదే రుజువన్నారు. నాకు అది సరిగ్గా వ్యతిరేకంగా కనిపించింది. మనిషి వెళ్ళగానే కూలిపోయిందంటే అక్కడ కట్టింది ఏమీ లేదన్నమాట. ఆయన్ను తప్పుపట్టడం లేదు, ఆయన చేతనైనంతా చేశారు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. మిగతా చెట్లు ఎందుకు లేవన్నదే నా ప్రశ్న.

ఇది మన దగ్గరే జరిగిందనుకోవద్దు. ఇంగ్లండులో 1990ల చివర్లో 'సూపర్ హెడ్' మోజు బాగా నడిచింది. చితికిపోయిన బడికి ఒక గట్టి మనిషిని పంపితే చాలన్న నమ్మకం అది. 2016లో అలెక్స్ హిల్, ఆయన సహచరులు అక్కడి అకాడమీ బడులను నడిపిన 411 మందిని పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో కొందరికి 'సర్జన్లు' అని పేరు పెట్టారు. వీళ్ళు ఇబ్బంది పెట్టే పిల్లలను బయటికి పంపి, ఉన్న బలమంతా పరీక్ష రాసే తరగతి మీద పెట్టి, వెంటనే ఫలితాలు తెస్తారు. వాళ్ళు వెళ్ళిపోగానే ఫలితాలు మళ్ళీ పడిపోయాయి. ఇంకొందరికి 'ఆర్కిటెక్టులు' అని పేరు పెట్టారు. వీళ్ళు ఊరితో కలిసి, టీచర్ల బోధన మీద నెమ్మదిగా పనిచేస్తారు. మొదటి రెండు మూడేళ్ళు చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించదు. ఆ తర్వాత మొదలైన మెరుగుదల వాళ్ళు వెళ్ళిపోయాక కూడా సాగింది. బిరుదులూ పెద్ద జీతాలూ ఎక్కువగా ఎవరికి దక్కాయి? సర్జన్లకే. చదువుతుంటే మా పక్క మండలం కళ్ళముందు కదిలింది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. గొప్ప కోసం కాదు, నాయకత్వం ఎలా వస్తుందో నాకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ నాదే కనుక.

నేను బయాలజీ స్కూల్ అసిస్టెంటును. సీనియారిటీ జాబితాలో నా వంతు వచ్చింది, హెడ్మాస్టరునయ్యాను. దానికి ముందు రాయాల్సిన శాఖాపరమైన పరీక్షలున్నాయి, జీఓటీ, ఈఓటీ. వాటిలో అడిగేది విద్యాశాఖ నియమాలు, ఖాతాలు, బిల్లులు. ఏడో తరగతి పిల్లవాడికి భిన్నాలు ఎందుకు రావడం లేదో ఏ పేపరూ అడగలేదు. చేరిన మొదటి నెల జీతాల బిల్లు ఎలా పెట్టాలో మా జూనియర్ అసిస్టెంటు నేర్పాడు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ ఒక తరగతి వెనక బెంచీలో కూర్చుని ఏం చూడాలో, చూశాక ఆ టీచరుతో ఎలా మాట్లాడాలో నేర్పే మనిషి మొత్తం వ్యవస్థలో ఒక్కరు కూడా లేరు.

నాకు తెలిసిన పద్ధతిలోనే వెళ్ళాను. ఏడో తరగతి లెక్కల క్లాసులో కూర్చుని నోట్‌బుక్‌లో పద్నాలుగు లోపాలు రాశాను. బెల్లు కొట్టాక టీచరును నా గదికి పిలిచి అన్నీ చదివి వినిపించాను. ఆవిడ నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, పనిమీద శ్రద్ధ ఉన్న మనిషి. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు నెలలు నేను వరండాలో కనిపిస్తే పక్కకు తప్పుకునేది. నేను చేసింది నాయకత్వమని ఆరోజు నిజంగానే అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తప్పు దిద్దుకోవడానికి నాకు మార్గం చూపింది కూడా ఆవిడే. ఒకరోజు స్టాఫ్ రూములో ధైర్యం చేసి, "సార్, అదే పాఠం మీరు ఒకసారి చెప్పండి, నేను వెనక కూర్చుంటాను" అంది. కోపం వచ్చింది. అయినా ఒప్పుకున్నాను. సగం, మూడో వంతు కలపమని బోర్డు మీద ఇచ్చాను. తరగతిలో ముప్పాతిక మంది పైన పైవి, కింద కిందివి కలిపేసి రెండు బై అయిదు అని రాశారు. క.సా.గు. మళ్ళీ చెప్పాను. "అర్థమైందా?" అంటే అందరూ "అయింది సార్" అన్నారు. ఇంకో లెక్క ఇస్తే మళ్ళీ అదే తప్పు. వెనక కూర్చున్న ఆవిడ నవ్వలేదు. క్లాసయ్యాక, "సగం కన్నా రెండు బై అయిదు తక్కువ కదా సార్, సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గడమేమిటని ఏ పిల్లా అడగలేదు, చూశారా?" అంది. నేను రాసిన పద్నాలుగు లోపాల్లో ఈ ఒక్క మాట లేదు. నిజంగా అక్కడ జరుగుతున్నది అదొక్కటే. పిల్లలకు అవి అంకెలుగా కనిపిస్తున్నాయి గాని వస్తువులో భాగాలుగా కనిపించడం లేదు.

ఆ వారం ఇద్దరం కాగితాలు మడతపెట్టి పాఠం కొత్తగా తయారుచేశాం. మూడో వారానికి సైన్సు టీచరు కలిశాడు. ఏడాది తిరిగేసరికి గురువారం మధ్యాహ్నం చివరి పీరియడు మేము అయిదుగురం కూర్చోవడం అలవాటైంది. ఒకరి పాఠం ఇంకొకరు చూడడం, పిల్లల నోట్‌బుక్కులు ముందేసుకుని ఈ తప్పు ఎక్కడినుంచి వచ్చిందని వెతకడం. తప్పులెన్నే పని ఎవరికీ లేదు. నాకు నాయకత్వమంటూ ఏదైనా వచ్చి ఉంటే ఆ గురువారాల్లో వచ్చింది. నేను బదిలీ అయ్యాక కూడా ఆ పీరియడు ఆగలేదని విన్నప్పుడు కలిగిన సంతోషం ఏ శాలువాకూ రాలేదు.

చాలా కాలం తర్వాత ఒక పరిశోధన గురించి తెలిసింది. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వివియన్ రాబిన్సన్, ఇంకో ఇద్దరు 2008లో 27 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. బడి అధిపతి చేసే పనుల్లో పిల్లల చదువు మీద ఏది ఎంత ప్రభావం చూపుతుందన్నది ప్రశ్న. ఉత్సాహపరిచి, కలలు చూపించి, ఆకర్షణతో నడిపించే తరహా నాయకత్వం ప్రభావం చాలా తక్కువగా తేలింది. బోధన మీద దృష్టిపెట్టిన నాయకత్వం దానికి మూడు నాలుగు రెట్లు పనిచేసింది. అన్నిటికన్నా పైన నిలిచిన పని టీచర్లు నేర్చుకోవడానికి వీలు కల్పించడం, దానితోపాటు తనూ వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకోవడం. ఈ రెండో సగం దగ్గర నేను ఆగిపోయాను. నాకు అవమానంగా తోచిన ఆ వెనక బెంచీ సవాలే నాయకత్వపు గుండెకాయ అని దూరదేశపు లెక్కలు చెబుతున్నాయి.

మహనీయుల ఉదాహరణలు చెప్పి నా నోరు మూయించాలని చూసేవాళ్ళున్నారు. గిడుగు రామమూర్తి గారికి ఎవరు శిక్షణ ఇచ్చారు అని అడుగుతారు. ఆ జీవితాన్నే శ్రద్ధగా చూద్దాం. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరేనాటికి ఆయనకింకా పదిహేడేళ్ళే. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాష ఆయనకు రాదు. ఆ భాష తెలిసిన మనిషి దగ్గర శిష్యుడిలా కూర్చుని నేర్చుకున్నారు. పాటలూ కథలూ రాసుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు, సొంత డబ్బు పెట్టి బడులు నడిపించారు. తర్వాత 1906లో యేట్స్ అనే దొర పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగు పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో భాష ఇంకొకటి ఎందుకుంది అని అడిగారు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. గురజాడ, గిడుగు అందులోకి వచ్చారు. వ్యావహారిక భాషోద్యమం అలా మొదలైంది. అప్పటికి రామమూర్తి గారికి నలభై దాటాయి, పాతికేళ్ళకు పైగా పాఠం చెప్పి ఉన్నారు. రాని భాషలో చదివే పిల్లవాడి అవస్థ సవర పిల్లల్లో ఎన్నో ఏళ్ళు చూసిన కళ్ళు కాబట్టే తెలుగు పిల్లల అవస్థ కూడా అంత స్పష్టంగా కనిపించిందని నా నమ్మకం. ప్రశ్న అడిగిన ఇన్‌స్పెక్టరు, దాన్ని పట్టించుకున్న ప్రిన్సిపాల్, తోడు నిలిచిన మిత్రుడు, వీళ్ళంతా లేకుండా ఆ కథ లేదు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి పూలదండ వేస్తాం. ఒకేచోట ముప్పై ఏళ్ళు పాఠం చెబుతూ నేర్చుకుంటూ ఎదిగిన టీచరును మాత్రం ఆ పటంలో చూడం.

మరి మన టీచరుకు అలా ఎదిగే దారి ఎక్కడుంది? ఒకప్పుడు కొంత ఉండేది. 1984లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. టీచర్లు 'ఏపీపెప్' అనేవారు. తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. దగ్గర దగ్గర బడులకు కలిపి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. అక్కడ టీచర్లు కలిసి పాఠం చేసి చూపించేవారు, పిల్లలు గీసినవీ రాసినవీ గోడలకు అంటించేవారు, వాదించుకునేవారు. నా మొదటి గురువులు అలాంటి కేంద్రాల్లో ఎదిగినవాళ్ళే. దానికి చాలా ముందు, 1964-66 నాటి కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్సు అనే ఆలోచన ఇచ్చింది. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒకదానికొకటి ఆసరాగా ఉండాలన్నది దాని సారం. 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే మాట చెప్పింది. నేను కాంప్లెక్సు హెడ్మాస్టరుగా నడిపిన సమావేశాల్లో ఎక్కువ భాగం ఏం జరిగిందో చెప్తాను. పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదివాం. ఏ బడి ఏ వివరం అప్‌లోడ్ చెయ్యలేదో పేర్లు పిలిచాం. పాఠం గురించి మాట్లాడదామనుకునేసరికి బస్సు టైమయ్యేది.

2012లో ఢిల్లీలో స్కూలు నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రం పెట్టారు. హెడ్మాస్టర్లను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దాలన్న దాని ఆశయం సరైనదే. విద్యావిధానం ప్రతి టీచరుకూ, హెడ్మాస్టరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. అది కూడా సరైనదే. ఆ గంటలు మా దాకా వచ్చేసరికి ఫోనులో వీడియో నడిపించి, చివర ప్రశ్నలకు గుర్తులు పెట్టి, సర్టిఫికెట్టు తీసుకోవడంగా మిగిలాయి. ఈత గురించి వీడియో చూసినవాళ్ళను గోదావరిలో దింపుతామా?

ఇక పదోన్నతి. స్కూల్ అసిస్టెంటు గెజిటెడ్ హెడ్మాస్టరయ్యేసరికి చాలామందికి యాభై దాటిపోతాయి. పదవీ విరమణ వయసు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. పని నేర్చుకునేసరికి ఇంటికెళ్ళే రోజు వస్తుంది. కోర్టు కేసులతో, సర్వీసు రూల్సు గొడవలతో పదోన్నతులు ఆగిపోతే కుర్చీ ఖాళీగా ఉండి, ఎవరో ఒక సీనియర్ టీచరు ఇన్‌ఛార్జి అవుతారు. తన పీరియడ్లు తనవే, బడి బరువు అదనం, అధికారం మాత్రం అరువు. మండల విద్యాధికారుల (ఎంఈఓల) పరిస్థితీ చాలా ఏళ్ళు ఇంతే. ఒకే హెడ్మాస్టరు తన బడితోపాటు రెండు మూడు మండలాలు చూసిన రోజులున్నాయి. అలాంటి మనిషి తరగతి గదిలో ఎప్పుడు కూర్చుంటాడు? ఉదయం హాజరు యాప్, మధ్యాహ్నం భోజనం లెక్క, గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటోలు, సాయంత్రం యూడైస్‌లో బడి వివరాల సవరణలు. ఇవన్నీ అనవసరమని అనడం లేదు, పిల్లల అన్నం లెక్క ఎవరో ఒకరు చూడాల్సిందే. కానీ రోజంతా దానికే తాకట్టు పెట్టించి, ఆపైన నీలో నాయకత్వ లక్షణాలు లేవనడం అన్యాయం.

ఇక్కడ ఇంకో పరిష్కారం చెప్పేవాళ్ళు లేచి నిలబడతారు. అయితే బయటినుంచి మేనేజ్‌మెంటు చదివినవాళ్ళను తెచ్చి బడులు అప్పగిద్దాం అంటారు. పాఠం చూసి అది పాఠమో కాదో చెప్పలేని మనిషి స్టాఫ్ రూములో ఎవరికీ ఏమీ నేర్పలేడు. ఇది కూడా పాత నమ్మకమే. ఒక గట్టి మనిషి వచ్చి ఉద్ధరిస్తాడన్న ఆశకు చొక్కా మార్చారు, అంతే.

అందరూ నాయకులైపోతారా, ఎంత నేర్పినా కొందరికి రాదు కదా అని నిజాయితీగా అడిగేవాళ్ళూ ఉన్నారు. నిజమే, కొందరికి రాదు. సంగీతం కూడా అందరికీ ఒకేలా రాదు. అయినా గొంతు బాగున్న పిల్లవాడు వీధిలో దొరికేదాకా సంగీత పాఠశాల తెరవొద్దని ఎవరూ అనరు. నలభై ఏళ్ళలోపే ఆసక్తి ఉన్న టీచర్లను గుర్తించి, మంచి హెడ్మాస్టరు పక్కన ఒక ఏడాది పనిచేయనిచ్చి, చేరాక కనీసం అయిదేళ్ళు అదే బడిలో ఉంచి, వారానికి రెండు పీరియడ్లయినా యాప్‌లు ముట్టుకోని సమయం ఇచ్చి చూడండి. ఆ తర్వాత కూడా రాకపోతే అప్పుడు రక్తం గురించి మాట్లాడుకుందాం. ఇంతవరకు మనం ఆ ప్రయత్నమే చెయ్యలేదు.

నాకు లెక్కల పాఠం నేర్పిన ఆ టీచరుకు మొన్న ప్రమోషన్ వచ్చింది. వెళ్ళే ముందురోజు ఫోన్ చేసి, "సార్, రేపు జాయినవుతున్నాను, ముందు ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. టైమ్‌టేబుల్లో గురువారం చివరి పీరియడు ఖాళీగా ఉంచుకోమ్మా, నువ్వే ముందు పాఠం చెప్పి వాళ్ళను వెనక కూర్చోబెట్టు అన్నాను. వారం తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. గురువారం చివరి పీరియడు జిల్లా ఆఫీసు నుంచి వీడియో కాన్ఫరెన్సు ఉంటోందట. శుక్రవారానికి మార్చుకున్నానని చెప్పింది.